సోషల్ వర్కర్ల లైసెన్స్ పరీక్ష గొడవ: మూలం 1915లోనే ఉంది

అమెరికాలో సోషల్ వర్కర్లకి లైసెన్స్ పరీక్ష ఉండాలా తీసేయాలా అన్న గొడవ మళ్ళీ రాజుకుంది. చాలామంది దీన్ని 2022 ఆగస్టు నుంచి చెప్పుకొస్తారు. రాష్ట్రాల సోషల్ వర్క్ బోర్డులన్నిటి ఉమ్మడి సంస్థ, ఈ పరీక్ష పెట్టేది కూడా అదే, పేరు ఏఎస్‌డబ్ల్యూబీ, జాతుల వారీగా ఎంతమంది పాసవుతున్నారో మొదటిసారి బయటపెట్టింది అప్పుడే. క్లినికల్ పరీక్ష, అంటే మానసిక సమస్యలకి చికిత్స చేసే సోషల్ వర్కర్లు రాసేది, మొదటి ప్రయత్నంలోనే గట్టెక్కినవాళ్ళు తెల్లవాళ్ళలో దాదాపు 84 శాతం, నల్లవాళ్ళలో 45 శాతం. ఒకే రకం డిగ్రీ చదివొచ్చిన మనుషుల మధ్య అంత తేడా అంటే కడుపు మండుతుంది ఎవరికైనా. కానీ నన్నడిగితే ఈ కథ అక్కడ మొదలవలేదు. పేదల పేటల్లో వాళ్ళ మధ్యే ఉంటూ సాయపడిన సెటిల్‌మెంట్ హౌసులు, ధర్మసంస్థలు, సోషల్ వర్క్ పుట్టిన ఆ తొలినాళ్ళ సంగతులు ఇక్కడ వదిలేస్తున్నా, నేరుగా 1915 బాల్టిమోర్‌కి వెళ్దాం.

ఆ ఏడాది మేలో అక్కడ సేవా రంగం వాళ్ళ జాతీయ మహాసభ జరిగింది. మాట్లాడమని అబ్రహాం ఫ్లెక్స్‌నర్‌ని పిలిచారు. ఆయన సోషల్ వర్కర్ కాదు, డాక్టరూ కాదు, ఒకప్పుడు స్కూల్ నడిపిన మనిషి. మరి ఆయన్నే ఎందుకు పిలిచారంటే, 1910లో అమెరికా కెనడాల్లోని 155 మెడికల్ కాలేజీలు చూసొచ్చి ఆయన రాసిన రిపోర్టు వైద్య విద్యనే తిరగరాసింది, ఆయన బాగుందన్నది నిలబడింది, బాగాలేదన్నది చాలావరకు మూతపడింది. సోషల్ వర్క్ ఒక ప్రొఫెషనా కాదా అని ఆ సభలో ఆయన్ని అడిగారు. ఆయన ఆరు కొలమానాలు చెప్పి, ఒక్కోటీ పెట్టి చూసి, ఇంకా కాదు అని తేల్చారు. మీరు డాక్టర్నీ లాయర్నీ టీచర్నీ అవసరమున్న మనిషి దగ్గరికి చేర్చే మధ్యవర్తులే తప్ప మీకంటూ విడిగా, ఇంకొకరికి నేర్పగలిగే పద్ధతి లేదు అన్నది ఆయన మాటల సారాంశం. ఈ రంగం గురించి తనకి తెలిసింది తక్కువేనని ఆయనే మొదట్లో ఒప్పుకున్నారు. చివర్లో అయితే, కొలమానాలన్నిటికంటే ఆ సేవాభావమే ముఖ్యం, అది మీ దగ్గరుంది అని కూడా అన్నారు. ఆ మొదటి మాటా చివరి మాటా ఎవరికీ గుర్తులేవు, మధ్యలో అన్న "కాదు" మాత్రం వందేళ్ళుగా ఈ వృత్తి వెంటపడుతూనే ఉంది.

ఇక్కడే ఇంకో సంగతి చెప్పాలి, ఇవాళ్టి గొడవకి ఇదే అసలు ముడి అని నా నమ్మకం. 1910 రిపోర్టు నాటికి నల్లవాళ్ళ కోసం నడుస్తున్న మెడికల్ కాలేజీలు ఏడు ఉండేవి. వాటిలో హోవర్డ్, మెహారీ రెండే నిలబెట్టదగ్గవని ఫ్లెక్స్‌నర్ రాశారు, కొన్నేళ్ళకి మిగిలినవీ ఆ రెండే. కొలబద్ద అందరికీ ఒకటే అన్నారు, దెబ్బ ఎవరికి తగిలిందో మాత్రం కళ్ళముందే ఉంది. అదే మనిషిని, అదే కొలబద్దతో, తమని కొలవమని సోషల్ వర్కర్లు పిలుచుకున్నారు.

ఆ మాట పడ్డాక మొత్తం నడక మారిపోయింది. 1917లో మేరీ రిచ్‌మండ్ అనే సోషల్ వర్కర్ కేస్ వర్క్, అంటే ఒక్కో మనిషి, ఒక్కో కుటుంబం సమస్యని విడిగా చూసి సాయపడే పద్ధతి మీద పెద్ద పుస్తకం తెచ్చారు, ఇదిగో మా పద్ధతి అని చూపించుకోడానికి ఈ రంగానికి ఒక ఆధారం దొరికింది. అది మంచి పనే, కాదనను. కానీ బాల కార్మికుల చట్టాల కోసం కొట్లాడిన ఫ్లోరెన్స్ కెల్లీ, 1912లో ఫెడరల్ బాలల బ్యూరోకి తొలి అధిపతి అయిన జూలియా లాత్రోప్, వీళ్ళు చేసిన పనిని ఏ పరీక్షలో పెట్టి మార్కులేస్తారు? అలాంటి పని మెల్లగా పక్కకి జరిగింది. 1929లో పోర్టర్ లీ ఇదే మహాసభకి అధ్యక్షుడిగా మాట్లాడుతూ సోషల్ వర్క్ ఉద్యమంగా మొదలై రోజువారీ విధిగా మారుతోందని చెప్పారు. ముప్పైల్లో బెర్తా రేనాల్డ్స్ లాంటి సోషల్ వర్కర్లు యూనియన్లతో నిలబడి ఎదురు చెప్పారు కానీ గాలి అటు లేదు.

తర్వాతి యాభై ఏళ్ళు గబగబా చెప్పేస్తా. 1955లో ఏడు సంఘాలు కలిసి ఎన్ఏఎస్‌డబ్ల్యూ అనే సోషల్ వర్కర్ల జాతీయ సంఘం అయ్యాయి, 1968లో నల్లజాతి సోషల్ వర్కర్లు తమ గోడు వినేవాళ్ళు లేక సొంత సంఘం పెట్టుకున్నారు, 1983లో బోర్డుల ఉమ్మడి పరీక్ష మొదలైంది, 1989 చట్టంతో క్లినికల్ సోషల్ వర్కర్లు మెడికేర్‌కి, అంటే ముఖ్యంగా వృద్ధుల కోసం ప్రభుత్వం నడిపే ఆరోగ్య బీమాకి, నేరుగా బిల్లు పెట్టే వీలొచ్చింది. అంటే అప్పట్నుంచి లైసెన్స్ గోడకి తగిలించుకునే కాగితం కాదు, కూడు పెట్టేది.

పరీక్ష ఎలా ఉంటుందో తెలిస్తే ఈ కోపం అర్థమవుతుంది. చాలా ఏళ్ళు 170 ప్రశ్నలు, నాలుగు గంటలు, ఫీజు మాస్టర్స్ స్థాయికి 230 డాలర్లు, క్లినికల్‌కి 260. ఫెయిలైతే 90 రోజులు ఆగి మళ్ళీ ఫీజు కట్టాలి. ఒక కుటుంబం పరిస్థితి రెండు మూడు వాక్యాల్లో ఇచ్చి సోషల్ వర్కర్ మొట్టమొదట ఏం చేయాలి అని అడుగుతారు, ఇచ్చిన జవాబుల్లో రెండు సరైనవే అనిపిస్తాయి. రోజంతా ఇళ్ళ చుట్టూ తిరిగి, పిల్లాడు ఎందుకు బడికి రావట్లేదో వాళ్ళమ్మ నోటితోనే చెప్పించగలిగిన మనిషి, "మొట్టమొదట" అన్న ఒక్క మాట దగ్గర ఆగిపోయి మూడు నెలలు జీతం పెరగకుండా కూర్చోవాలి.

పరీక్ష ఉండాలనేవాళ్ళ వాదన, జనానికి రక్షణ కావాలి, కనీస ప్రమాణం ఉండాలి, తేడాలకి కారణం పరీక్ష కాదు, దానికి ముందున్న చదువులూ అవకాశాలూ అని. రక్షణ మాట నిజమే. కానీ పరీక్ష పాసైనవాళ్ళు ఫెయిలైనవాళ్ళకంటే క్లయింట్లకి బాగా సాయపడతారని చూపించండి అన్నది ఎదుటివాళ్ళ సూటి ప్రశ్న, దానికి సూటిగా జవాబు రావాలి. 2023 ఫిబ్రవరిలో ఎన్ఏఎస్‌డబ్ల్యూ కూడా ఈ పరీక్షల్ని వ్యతిరేకిస్తున్నామని ప్రకటించింది. అన్నేళ్ళు ప్రొఫెషన్ హోదా కోసం లైసెన్సుల వెంటపడ్డ సంఘమే ఆ మాట అందంటే నాకది చిన్న విషయంలా అనిపించట్లేదు. సభ్యుల తరఫున కొట్లాడటం కూడా సంఘం పనేనని మళ్ళీ గుర్తొచ్చినట్టుంది.

ఇల్లినాయ్ రాష్ట్రం 2022 నుంచి ఎల్ఎస్‌డబ్ల్యూ అనే, క్లినికల్ కంటే కింది స్థాయి లైసెన్స్‌కి పరీక్ష తీసేసింది. ఇంతలో రాష్ట్రాల మధ్య లైసెన్స్ చెల్లేలా ఒక ఒప్పందం తయారైంది, ఏడు రాష్ట్రాలు చేరాక 2024లో అమల్లోకొచ్చింది, ఆ తర్వాత ఇంకా చేరుతూనే ఉన్నాయి. ఆ ఒప్పందం కింద పక్క రాష్ట్రంలో పనిచేయాలంటే మాత్రం జాతీయ పరీక్ష పాసై ఉండాలి.