చెకుముకి తుపాకీకి మందు మోతాదు: అపోహలు, వాస్తవాలు

అమెరికాలోని పెన్సిల్వేనియాలో ఏటా సాధారణంగా క్రిస్మస్ మర్నాడు ఫ్లింట్‌లాక్ జింకల వేట సీజన్ మొదలవుతుంది. అందులో చెకుముకి రాయితో పేలే తుపాకీలకే అనుమతి. అలాంటి తుపాకీ కొత్తగా కొన్నవారికి గురి కుదర్చడంలో సాయం చేస్తుంటాను. దాదాపు అందరూ ఈ అపోహలతోనే వస్తారు.

అపోహ: తుపాకీ మందు ఎంత ఎక్కువ పోస్తే గురి అంత బాగుంటుంది.

వాస్తవం: లోపలి వ్యాసం 0.50 అంగుళాలున్న గొట్టానికి 60 గ్రెయిన్లతో, అంటే సుమారు నాలుగు గ్రాములతో మొదలుపెట్టండి. ఐదేసి గ్రెయిన్లు పెంచుతూ, ప్రతి మోతాదుకూ 50 గజాల నుంచి కనీసం మూడుసార్లు కాల్చండి. ఒక మోతాదు దగ్గర కాగితం మీద గుండ్ల రంధ్రాలు దగ్గరకు చేరతాయి, ఆపైన మళ్లీ చెదురుతాయి. అవి దగ్గరైనప్పుడు పోసినదే మీ మోతాదు. తయారీదారు చెప్పిన గరిష్ఠ పరిమితిని మాత్రం ఎన్నడూ దాటవద్దు. గుండ్రటి సీసపు గుండు గాలిలో త్వరగా వేగం కోల్పోతుంది కాబట్టి, అదనపు మందు వల్ల దూరాన దక్కేది తక్కువే.

అపోహ: గుండుకు చుట్టే గుడ్డ ఏదైనా ఒకటే.

వాస్తవం: నన్నడిగితే అసలు కీలకం ఇదే. గొట్టం లోపలి మెలికల గాడులను పట్టుకుని గుండును తిప్పేదీ, వెనక వాయువు జారిపోకుండా ఆపేదీ ఆ గుడ్డే. 0.490 అంగుళాల గుండుకు 0.015 అంగుళాల మందం ఉన్న నేత నూలు గుడ్డతో మొదలుపెట్టవచ్చు. పాలిస్టర్ కలిసినది కరిగిపోతుంది, వద్దు. కాల్చాక కొంత దూరం ముందుకు వెళ్లి ఆ గుడ్డను వెతికి తెచ్చి చూడండి. అంచులు చీలికలై, మధ్యభాగం చెక్కుచెదరకుండా, చుట్టూ గాడుల గుర్తులు వరుసగా పడి ఉంటే మంచిది. కాలి చిల్లులు పడితే గుడ్డ పల్చన, లేదా దానికి పూసిన జిడ్డు చాలలేదు. కత్తితో కోసినట్టు చీలితే గొట్టం మూతి అంచో, గాడుల అంచులో పదునుగా ఉన్నాయి. ఇవేవీ చూడకుండా మందు మారుస్తూ కూర్చుంటే డబ్బా ఖాళీ అవుతుంది తప్ప గురి కుదరదు.

అపోహ: స్నేహితుడి తుపాకీకి కుదిరిన మోతాదు నాకూ కుదురుతుంది.

వాస్తవం: కుదరకపోవచ్చు. ఒక గొట్టంలో గాడి 48 అంగుళాలకు ఒక చుట్టు తిరిగితే, మరోదానిలో 66 అంగుళాలకు తిరుగుతుంది. గాడుల లోతులూ వేరు.

అపోహ: రంజకం (గొట్టం పక్కనున్న చిన్న పళ్లెంలో పోసి నిప్పురవ్వతో అంటించే మెత్తటి మందు) నిండుగా పోస్తే త్వరగా పేలుతుంది.

వాస్తవం: పళ్లెం నుంచి గొట్టంలోకి నిప్పు వెళ్లే రంధ్రం రంజకంతో నిండిపోతే, అది ఒత్తిలా కాలుతూ ఆలస్యం చేయవచ్చు. రంధ్రం కిందివరకు పోస్తే చాలు. రాయి అంచు పదునుగా ఉంచండి.

అపోహ: ఏ మందైనా పనిచేస్తుంది.

వాస్తవం: పొగరాని ఆధునిక మందు పోస్తే గొట్టం పగిలి ప్రాణం పోవచ్చు. ఈ తుపాకీల్లో వాడే సంప్రదాయ నల్లటి మందు బ్లాక్ పౌడర్‌కు బదులుగా అమ్మే రకాలు చాలావరకు ఎక్కువ వేడికి గాని అంటుకోవు, చెకుముకి నిప్పు వాటికి చాలదు.

అపోహ: రేంజిలో, అంటే కాల్పులు సాధన చేసే చోట, కుదిరితే అడవిలోనూ కుదురుతుంది.

వాస్తవం: రేంజిలో చాలామంది గుడ్డను ఉమ్మితో తడుపుతారు. అడవిలో తుపాకీ గంటల తరబడి నింపే ఉంటుంది, ఉమ్మి ఆరిపోతుంది, తుప్పు కూడా పట్టిస్తుంది. వేటలో వాడే జిడ్డుతోనే పరీక్షించండి. జింక మీద కాల్చేది శుభ్రమైన, చల్లని గొట్టంలోంచి వచ్చే మొదటి గుండు. అందుకే వేర్వేరు రోజుల్లో ఆ మొదటి గుండు ఎక్కడ పడుతోందో ఒకే కాగితం మీద గుర్తు పెట్టుకుని, దాని ప్రకారమే గురి సరిచేసుకోండి.