పంపే డబ్బుపై పన్ను: క్రిప్టో దాకా నడిచిన దారి

2025 జూలైలో అమెరికా అధ్యక్షుడు ట్రంప్ రెండు వారాల తేడాతో రెండు చట్టాల మీద సంతకం చేశారు. జూలై 4న సంతకమైన భారీ పన్నుల చట్టంలో ఒక మూల చిన్న నిబంధన ఉంది. ఆ దేశం నుంచి బయటి దేశాలకు నగదు కట్టి పంపే డబ్బుపై 1 శాతం పన్ను. జూలై 18న సంతకమైన జీనియస్ చట్టమేమో స్టేబుల్‌కాయిన్లకు, అంటే విలువను డాలరుకు ముడిపెట్టిన క్రిప్టో నాణేలకు, జాతీయ స్థాయిలో నిబంధనలు పెట్టి చట్టబద్ధత ఇచ్చింది. పాత రోడ్డు మీద టోల్‌గేటు లేచిన నెలలోనే పక్కన కొత్త రోడ్డు తెరుచుకుంది. రెండింటినీ కలిపి ఆలోచించి చేశారని నేననుకోను. డబ్బు పంపేవాళ్లకు మాత్రం రెండూ ఒకేసారి ఎదురయ్యాయి. పన్ను వేస్తే జనం క్రిప్టోకు మళ్లుతారా అన్న చర్చ అప్పటి నుంచి ఊపందుకుంది.

ఈ ప్రశ్నను క్రిప్టోతో మొదలుపెడితే సగమే అర్థమవుతుంది. డబ్బు కదిలినప్పుడల్లా కొంత కోసుకునే పన్ను క్రిప్టో కంటే పాతది. దాన్ని తప్పించుకునే దారులూ అంత పాతవే.

బ్రెజిల్ 1993లో బ్యాంకు ఖాతాల నుంచి తీసే డబ్బుపై పన్ను వేసింది. అది కొద్ది కాలానికే ఆగిపోయింది. 1997లో ఆరోగ్య రంగానికి నిధులు కావాలంటూ సీపీఎంఎఫ్ అనే పేరుతో మళ్లీ తెచ్చారు. ఆ పేరులోనే 'తాత్కాలిక' అన్న మాట ఉంది. 0.20 శాతంతో మొదలైన ఆ తాత్కాలిక పన్ను 0.38 శాతానికి చేరింది. పొడిగించడానికి సెనేట్ ఒప్పుకోకపోవడంతో 2007 చివర్లో పోయింది. కొలంబియాలో 1998 బ్యాంకుల సంక్షోభంలో వెయ్యికి 2 పెసోలుగా వచ్చిన పన్ను తర్వాత 3 అయింది, ఆపై 4 అయింది. అదీ తాత్కాలికమనే వచ్చింది. ఇప్పటికీ ఉంది. అక్కడి జనం దాన్ని 'క్వాత్రో పోర్ మిల్' అంటారు, అంటే వెయ్యికి నాలుగు.

ప్రభుత్వాలకు ఇలాంటి పన్ను ఎందుకు నచ్చుతుందో తెలిసిందే. లెక్కలు అడగక్కర్లేదు, రిటర్నులు చూడక్కర్లేదు, బ్యాంకే కోసి ఇచ్చేస్తుంది. కానీ జనం ఏం చేశారో చూడండి. తనకు వచ్చిన చెక్కును ఖాతాలో వేయకుండా వెనక సంతకం పెట్టి ఇంకొకరికి ఇచ్చేవారు. వాళ్లు మరో సంతకం పెట్టి మూడో మనిషికి. ఒకే చెక్కు నోటులాగా చేతులు మారుతూ తిరిగేది, పన్ను పడేది మాత్రం చివర్లో ఒక్కసారే. అందుకే బ్రెజిల్ తన చట్టంలోనే చెక్కు మీద అలాంటి సంతకం ఒక్కటే చెల్లుతుందని రాసుకోవాల్సి వచ్చింది. అర శాతం కూడా లేని పన్ను కోసం జనం ఇంత తిప్పలు పడ్డారు. ఈ కథంతటికీ మూలం అక్కడే ఉందని నా అభిప్రాయం. రేటు చిన్నదా పెద్దదా అన్నదాని కంటే, చేతికి అందేంత దూరంలో ఇంకో దారి ఉందా లేదా అన్నదే జనం చూస్తారు.

ఆఫ్రికాలో ఆ దారి నగదు. అక్కడ బ్యాంకు గడప తొక్కని కోట్ల మందికి, ఫోన్ నంబరు మీదే డబ్బు దాచుకుని పంపుకునే మొబైల్ మనీయే బ్యాంకు. ఉగాండా 2018 జూలై 1 నుంచి మొబైల్ మనీ లావాదేవీలపై 1 శాతం పన్ను వేసింది. వేసినా కోసింది, తీసినా కోసింది, పంపినా కోసింది. వీధుల్లో నిరసనలు వచ్చాయి, లావాదేవీలు పడిపోయాయి. నెలలు తిరక్కుండానే ప్రభుత్వం వెనక్కి తగ్గి, డబ్బు తీసినప్పుడు మాత్రమే 0.5 శాతం అని మార్చింది. టాంజానియా 2021లో అలాగే పన్ను వేసి, గొడవయ్యాక విడతలుగా తగ్గించుకుంటూ వచ్చింది.

ఘనా అనుభవం ఇంకా ఘాటైనది. 2021 నవంబరు బడ్జెట్లో ఎలక్ట్రానిక్ చెల్లింపులపై ఈ-లెవీ పేరుతో 1.75 శాతం పన్ను ప్రకటించారు. డిసెంబరులో దాని మీద పార్లమెంటులో సభ్యులు కొట్టుకున్నంత పని చేశారు. చివరికి 1.5 శాతానికి తగ్గి 2022 మే 1 నుంచి అమల్లోకి వచ్చింది. రోజుకు మొదటి 100 సెడీలకు మినహాయింపు. వెయ్యి సెడీలు పంపితే 900 మీద పన్ను, అంటే పదమూడున్నర సెడీలు. కంపెనీ ఛార్జీ దీనికి అదనం. అమ్మకో తమ్ముడికో నెలనెలా పంపే డబ్బు మీద ఇంత పోతుంటే ఎవరికైనా కడుపు మండుతుంది. జనం మోమో (మొబైల్ మనీ) ఖాతాల్లోంచి డబ్బు తీసి నగదుగా వాడుకోవడం మొదలుపెట్టారు. ప్రభుత్వం ఆశించినంత రాబడి రాలేదు. 2023లో రేటు 1 శాతానికి దిగింది. 2025 ఏప్రిల్‌లో కొత్త ప్రభుత్వం ఆ పన్నును పూర్తిగా ఎత్తేసింది.

ఇక్కడ ఒక సంగతి నిజాయితీగా చెప్పుకోవాలి. ఉగాండాలో గానీ ఘనాలో గానీ జనం మూకుమ్మడిగా బిట్‌కాయిన్ వైపు పరిగెత్తలేదు. అలవాటైన నోట్ల దగ్గరికే తిరిగి వెళ్లారు. దేశం లోపల పంపుకునే డబ్బుకు నగదు పనికొస్తుంది, బస్సు డ్రైవరు చేతికి కవరు ఇచ్చినా చేరుతుంది. సరిహద్దు దాటాల్సిన డబ్బుకు ఆ వీలు లేదు. దానికి శతాబ్దాలుగా ఉన్న అడ్డదారి హవాలా. ఒక ఊళ్లో డబ్బు తీసుకున్న మనిషి ఫోన్ చేస్తే, ఇంకో దేశంలో అతని మనిషి అంత మొత్తం అందజేస్తాడు. డబ్బు సరిహద్దు దాటదు, నమ్మకం దాటుతుంది. క్రిప్టో వచ్చి పోటీ పడింది ముఖ్యంగా ఈ హవాలాతోనే.

చిన్న శాతాలు ఎంత పని చేస్తాయో బంగ్లాదేశ్‌ను చూస్తే తెలుస్తుంది. అక్కడ పన్నుకు పూర్తి వ్యతిరేకంగా చేశారు. విదేశాల్లో పనిచేసేవాళ్లు హుండీని (అక్కడ హవాలాకు ఉన్న పేరు) వదిలి బ్యాంకుల ద్వారా పంపితే, 2019 జూలై నుంచి ప్రభుత్వమే 2 శాతం కలిపి ఇవ్వడం మొదలుపెట్టింది. 2022 జనవరి నుంచి దాన్ని రెండున్నర శాతం చేసింది. నైజీరియా 2021 మార్చిలో, అధికారిక మార్గంలో వచ్చిన ప్రతి డాలరుకు 5 నైరాలు అదనంగా ఇచ్చే పథకం పెట్టింది. దానికి సరిగ్గా నెల ముందే అక్కడి కేంద్ర బ్యాంకు, క్రిప్టో వ్యాపారుల ఖాతాలు మూసేయమని బ్యాంకులను ఆదేశించింది. ఒక చేత్తో ఆపి, ఇంకో చేత్తో పిలిచిందన్నమాట. అయినా క్రిప్టో ఆగలేదు. మనిషికీ మనిషికీ మధ్య నేరుగా జరిగే పీటుపీ లావాదేవీల్లోకి వెళ్లిపోయింది. 2023 డిసెంబరులో ఆ ఆంక్షలు సడలించారు.

నైజీరియాలో జనాన్ని తరిమింది పన్ను అనే పేరున్న పన్ను కాదు. అధికారిక మారకపు రేటుకూ బయటి రేటుకూ ఉన్న తేడా. బ్యాంకు ద్వారా వచ్చిన డాలరుకు అధికారిక రేటు కడితే, బయటి రేటుతో పోల్చినప్పుడు తగ్గినదంతా కనపడని పన్నే. రసీదులో అది రాయరు, జేబుకు మాత్రం తెలుస్తుంది. అర్జెంటీనాలో ఇది పరాకాష్ఠకు వెళ్లింది. 2019లో మనిషికి నెలకు 200 డాలర్లకు మించి కొనకుండా ఆంక్ష పెట్టారు, 2025 ఏప్రిల్ దాకా అది ఉంది. 2019 డిసెంబరులో ఆ కొనుగోలుపైనే 30 శాతం పన్ను వేశారు. 2020 సెప్టెంబరులో దాని మీద ఇంకో 35 శాతం కోత. బయటి మార్కెట్లో డాలరు, అధికారిక రేటుకు రెట్టింపు దాటిన రోజులున్నాయి. విదేశీ కంపెనీకి ఇంట్లో కూర్చుని పనిచేసే ప్రోగ్రామరు తన జీతం బ్యాంకులో తీసుకుంటే సగం పోయినట్టే లెక్క. అలాంటివాళ్లు స్టేబుల్‌కాయిన్లలో జీతం తీసుకోవడం మొదలుపెట్టారు. బ్యూనస్ ఐరిస్‌లో చాటుమాటుగా డాలర్లు మార్చే దుకాణాలను 'క్వేవా' అంటారు, అంటే గుహ. ఆ గుహల్లో నోట్ల కట్టల పక్కన యూఎస్‌డీటీ అనే స్టేబుల్‌కాయిన్ కూడా చేరింది.

బిట్‌కాయిన్ రాలేదు, యూఎస్‌డీటీ వచ్చింది. ఈ తేడా చాలామంది గమనించరు. 2009లో బిట్‌కాయిన్ మొదలైనప్పుడు, దేశాల మధ్య డబ్బు పంపే ఖర్చు ఇక పోయినట్టేనని ఆశపడ్డారు. 2017 డిసెంబరులో ఒక్క బిట్‌కాయిన్ లావాదేవీకి సగటు ఛార్జీ 50 డాలర్లు దాటింది. 200 డాలర్లు పంపేవాడికి అది ఏ పన్ను కన్నా దారుణం. ఎల్ సాల్వడార్ 2021 సెప్టెంబరు 7న బిట్‌కాయిన్‌ను అధికారిక కరెన్సీ చేసింది. చీవో అనే ప్రభుత్వ యాప్ తెచ్చి, చేరిన ప్రతివారికీ 30 డాలర్ల బిట్‌కాయిన్ ఇచ్చింది. విదేశాల నుంచి వచ్చే డబ్బు మీద ఛార్జీలు మిగులుతాయన్నది అప్పుడు చెప్పిన పెద్ద కారణం. తర్వాతి ఏళ్లలో ఆ దేశానికి వచ్చిన మొత్తం డబ్బులో క్రిప్టో వాటా 1-2 శాతం దగ్గరే ఆగింది. 2025 జనవరిలో ఐఎంఎఫ్ అప్పు కోసం ఆ చట్టాన్నే సవరించుకున్నారు. రేపటికి విలువ ఎంత ఉంటుందో తెలియని నాణెంలో ఇంటి అద్దె డబ్బు పెట్టడానికి ఎవరికి ధైర్యం చాలుతుంది?

స్టేబుల్‌కాయిన్ ఆ టెన్షన్ తీసేసింది. 2014లో వచ్చిన టెథర్ కంపెనీ నాణెమే యూఎస్‌డీటీ. అది ట్రాన్ వంటి చవక నెట్‌వర్కుల మీదికి వచ్చాక వాడకం ఊపందుకుంది. పంపే పద్ధతిని దగ్గరగా చూద్దాం. పంపేవాడు గుర్తింపు పత్రాలు ఇచ్చి, క్రిప్టో కొని అమ్మే ఎక్స్ఛేంజీలో ఖాతా తెరుస్తాడు. బ్యాంకు నుంచి డబ్బు వేసి 200 యూఎస్‌డీటీ కొంటాడు. అవతలి మనిషి వాట్సాప్‌లో పంపిన అడ్రసు కాపీ చేస్తాడు. T తో మొదలై మొత్తం 34 అక్షరాలు, అంకెలు. ఒక్క అడ్రసు తప్పుపడినా, నెట్‌వర్కు తప్పుగా ఎంచుకున్నా డబ్బు పోయినట్టే. ఫోన్ చేసి మొర పెట్టుకోవడానికి కౌంటరు ఉండదు. అన్నీ సరిపోతే నిమిషాల్లో చేరుతుంది. అక్కడితో అయిపోలేదు. అందుకున్నవాళ్లు దాన్ని స్థానిక కరెన్సీగా మార్చుకోవాలి. కొనేవాడు కొంత మార్జిన్ తీసుకుంటాడు. వాడు పంపిన డబ్బు ఏదైనా మోసం కేసులో ఇరుక్కున్నదైతే, అందుకున్నవాళ్ల బ్యాంకు ఖాతా ఫ్రీజ్ అయ్యే ప్రమాదం కూడా ఉంది. మధ్యలో దారి నున్నగా ఉంది, గతుకులన్నీ రెండు చివర్లలోనే.

పన్నుకూ స్టేబుల్‌కాయిన్‌కూ ఉన్న లంకె ఇప్పుడు బాగా కనిపించేది మళ్లీ బ్రెజిల్‌లోనే. 2025 ఫిబ్రవరిలో అక్కడి కేంద్ర బ్యాంకు అధిపతి గాబ్రియేల్ గలీపొలో, తమ దేశంలో క్రిప్టో ప్రవాహాల్లో దాదాపు 90 శాతం స్టేబుల్‌కాయిన్లవేనని చెప్పారు. మే 22న ప్రభుత్వం విదేశీ మారకపు లావాదేవీలు చాలావాటిపై ఐఓఎఫ్ అనే ఆర్థిక లావాదేవీల పన్నును 3.5 శాతానికి పెంచింది. కాంగ్రెస్ దాన్ని రద్దు చేసింది, కోర్టు చాలావరకు నిలబెట్టింది. విదేశీ కార్డు చెల్లింపుకు ఈ పన్ను పడుతుంది, స్టేబుల్‌కాయిన్‌కు పడలేదు. ఆ సందు మూయడానికి తొలి అడుగుగా నవంబరులో కేంద్ర బ్యాంకు కొత్త నిబంధనలు తెచ్చింది. 2026 ఫిబ్రవరి నుంచి స్టేబుల్‌కాయిన్ల కొనుగోలు, అమ్మకం, విదేశాలకు పంపడం కూడా విదేశీ మారకపు లావాదేవీలే అంది.

క్రిప్టో మీదే పన్ను వేస్తే అక్కడి నుంచీ జనం జరుగుతారు. భారత్ 2022 జూలై 1 నుంచి క్రిప్టో అమ్మకాలపై 1 శాతం టీడీఎస్ పెట్టగానే, ట్రేడింగులో చాలా భాగం విదేశీ ఎక్స్ఛేంజీలకు తరలింది.

ఇక అమెరికా 1 శాతానికి వద్దాం. మొదట 5 శాతం అన్నారు. ప్రతినిధుల సభ 3.5 శాతంతో ఆమోదించింది, అదీ ఆ దేశ పౌరులు కానివాళ్లకే. సెనేట్ 1 శాతానికి దించి, పౌరసత్వంతో పని లేకుండా అందరికీ వర్తింపజేసింది. అయితే నగదు, మనీ ఆర్డరు లాంటివాటితో కట్టినప్పుడే. బ్యాంకు ఖాతా నుంచి గానీ, అమెరికాలో ఇచ్చిన డెబిట్, క్రెడిట్ కార్డుల నుంచి గానీ పంపితే పన్ను లేదు. 2026 జనవరి 1 నుంచి అమలు. కాబట్టి దీన్ని తప్పించుకోవడానికి క్రిప్టో దాకా వెళ్లక్కర్లేదు, డెబిట్ కార్డు చాలు. ప్రపంచ బ్యాంకు లెక్క ప్రకారం 200 డాలర్లు పంపడానికి ప్రపంచ సగటు ఖర్చు ఇప్పటికే 6 శాతం పైన ఉంది. దీన్ని 2030 నాటికి 3 శాతం లోపుకు తేవాలన్నది ఐక్యరాజ్యసమితి లక్ష్యం. జనాన్ని స్టేబుల్‌కాయిన్ల వైపు తోసే అసలు బలం ఆ ఆరు శాతానిది. కొత్త పన్ను దానికి ఇంకొకటి కలుపుతోంది.

కానీ ఆ ఇంకొకటి ఎవరి మీద పడుతోందో చూస్తే బాధ కలుగుతుంది. నగదు పట్టుకుని కౌంటరు ముందు నిలబడేవాళ్లలో చాలామందికి బ్యాంకు ఖాతా ఉండదు. 2023లో అమెరికాలో 4.2 శాతం కుటుంబాలకు ఖాతా లేదని, అక్కడ బ్యాంకు డిపాజిట్లకు బీమా ఇచ్చే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌డీఐసీ సర్వే చెప్పింది. ఖాతా లేనివాళ్లకు డెబిట్ కార్డు లేదు, క్రిప్టో ఎక్స్ఛేంజీలోకి డబ్బు వేసే దారీ ఉండదు. నోట్లు తీసుకునే క్రిప్టో ఏటీఎంలు ఉన్నాయి గానీ, వాటి ఛార్జీ తరచు 10 శాతం దాటుతుంది. కొత్త రోడ్డు ఎక్కే దారి వీళ్లకే మూసుకుపోయింది.

మరోపక్క ఆ రోడ్డు కౌంటరు వెనక నుంచి వస్తోంది. డబ్బు పంపే కంపెనీల్లో ఒకటైన మనీగ్రామ్ కొన్నేళ్లుగా స్టేబుల్‌కాయిన్లతో పనిచేస్తోంది. వెస్టర్న్ యూనియన్ 2025 అక్టోబరులో సొంత డాలర్ నాణెం తెస్తామని ప్రకటించింది. రేపు కౌంటరులో కట్టిన 200 డాలర్లు ఏ నెట్‌వర్కు మీద సరిహద్దు దాటాయో కట్టినవాళ్లకు తెలియనే తెలియకపోవచ్చు. కట్టింది నోట్లే కాబట్టి, రసీదులో ఆ 2 డాలర్ల పన్ను మాత్రం ఉంటుంది.