స్మాల్ సెల్ క్యాన్సర్: బయటపడేసరికే ఎందుకు ముదిరిపోతుంది?

1926 దాకా స్మాల్ సెల్ క్యాన్సర్‌ని ఊపిరితిత్తుల జబ్బుగా లెక్కించేవారే కాదు. కణాలు ఓట్స్ గింజల్లా కనిపిస్తాయి కాబట్టి, ఛాతీ మధ్యభాగంలో పుట్టే 'ఓట్ సెల్ సార్కోమా' అనేవారు. అది శ్వాసనాళాల్లోనే మొదలవుతుందని ఆ ఏడాది బ్రిటన్ పాథాలజిస్టు బార్నార్డ్ తేల్చాడు. పాతవాళ్ల పొరపాటుకీ కారణం ఉంది. గడ్డ పెద్ద శ్వాసనాళాల దగ్గర పుట్టి, చుట్టూ ఉన్న లింఫు గ్రంథుల్ని నింపేస్తుంది. పక్కనున్న పెద్ద సిర నొక్కుకుపోయి ముఖం, మెడ ఉబ్బి వచ్చేవాళ్లు పదిమందిలో ఒకరు ఉంటారు.

ఈ కణాలు హార్మోన్లు కూడా తయారుచేస్తాయి. 1957లో స్క్వార్ట్జ్, బార్టర్ అనే వైద్యుల బృందం వర్ణించిన సోడియం తగ్గుదల ఇలాంటి హార్మోన్ వల్లే: అది ఒంట్లో నీటిని పట్టి ఉంచుతుంది. దగ్గు కన్నా ముందు మగత, తికమక కనిపించొచ్చు. పెద్ద వయసు వాళ్లలో దాన్ని ముసలితనం కింద కొట్టేస్తారు. మామూలు సెలైన్ ఎక్కిస్తే సోడియం ఇంకా పడిపోవచ్చు: ఉప్పు మూత్రంలో పోతుంది, నీరు ఒంట్లో నిలుస్తుంది. నూటికి ఇద్దరు ముగ్గురిలో తొడల బలహీనతతో లాంబర్ట్-ఈటన్ వ్యాధి (నరాల నుంచి కండరాలకు సంకేతం సరిగా అందకపోవడం) కూడా వస్తుంది.

బ్రిటన్‌లో సర్జరీని రేడియేషన్‌తో పోల్చిన అధ్యయనం పదేళ్ల ఫలితాలు 1973లో వచ్చాయి. సర్జరీ వర్గం సగటున 199 రోజులు, రేడియేషన్ వర్గం 300 రోజులు బతికారు. కత్తి పడేలోపే జబ్బు రక్తంలోకి వెళ్లిపోయి ఉంటుంది. మరీ చిన్న గడ్డ, గ్రంథులు శుభ్రం అని తేలినప్పుడే ఇప్పుడు సర్జరీ ఆలోచిస్తారు. రోగుల్ని 'లిమిటెడ్', 'ఎక్స్‌టెన్సివ్' అని విడగొట్టే అలవాటు కూడా అప్పటి అమెరికా వెటరన్స్ (మాజీ సైనికుల) ఆస్పత్రుల పరిశోధకులదే. రేడియేషన్ యంత్రం ఒకేసారి కవర్ చేయగల ఒక్క క్షేత్రంలో జబ్బు ఇమిడితే లిమిటెడ్, దాటితే ఎక్స్‌టెన్సివ్. అంటే గీత గీసింది కణాల స్వభావం కాదు, యంత్రం. మూడింట రెండొంతుల మంది ఎక్స్‌టెన్సివ్‌గానే బయటపడతారు, అందుకే లక్షణాలు లేకపోయినా మెదడుకు ఎంఆర్ఐ తీస్తారు.

రోగుల ముఖచిత్రమూ మారింది. అమెరికా లెక్కల్లో 1973లో మహిళలు 28 శాతం, 2002లో సగం. ఊపిరితిత్తుల క్యాన్సర్లలో దీని వాటా మాత్రం 1986లో 17 శాతం నుంచి 2002కి 13 శాతానికి దిగింది. పొగ తగ్గడం, ఫిల్టర్ సిగరెట్లు రావడం కారణాలంటారు.

ఇప్పటికీ 95 శాతం మంది పొగతాగినవాళ్లే. ఎన్నడూ తాగని మనిషిలో కనిపిస్తే బయాప్సీ స్లైడును మళ్లీ చూడాలి. ఈజీఎఫ్ఆర్ అనే జన్యువులో మార్పున్న వేరే రకం ఊపిరితిత్తుల క్యాన్సర్ మందుల ఒత్తిడికి ఈ రూపంలోకి మారి ఉండొచ్చు. పొగతాగేవాళ్లకు ఏడాదికోసారి తీసే తక్కువ మోతాదు సీటీ ఇక్కడ పెద్దగా ఆదుకోదు. రెండు స్కాన్ల మధ్యనే గడ్డ పుట్టి, పెరిగి, పాకిపోతుంది.