కవితలో ఊరి పేరుంటే మ్యాప్‌లో చుక్క పెట్టేయడమేనా?

వారసత్వ ప్రాంతాల ప్లానింగ్ కోసం చైనా కవితలను జీఐఎస్‌లోకి, అంటే సమాచారం జోడించిన కంప్యూటర్ మ్యాపుల్లోకి ఎక్కించే పని నాది. "పేర్లు ఏరుకుని చుక్కలు పెట్టేయడమేగా, ఇంత టైమెందుకు?" ఈ ప్రశ్న వినీ వినీ చెవులు చిల్లులు పడ్డాయి.

పేరుందంటే కవి అక్కడికి వెళ్లినట్టే అనుకోవడం, డబ్బంతా బూడిదలో పోయించేది ఈ ఒక్క అపోహే. పాతకాలపు చైనా కవి లీ బాయికి తియన్‌ము కొండ మీద ఒక కవిత ఉంది, అదంతా కల, శీర్షికలోనే కల అని ఉంటుంది. కొత్తలో నేను దాన్ని కూడా ‘కవి చూసిన చోట్లు’ లేయర్‌లో వేసి, నడిచిన దారంటూ గీత కూడా గీసేశాను. మా సీనియర్ మేడమ్ చూసి "శీర్షిక చదివావా బాబూ?" అన్నారు, అంతే. హార్వర్డ్, ఫుదాన్ యూనివర్సిటీల చారిత్రక జీఐఎస్‌లో ఏ ఏడాది ఏ ఊరికి ఏ పేరో దొరుకుతుంది, కలో నిజమో మాత్రం మనమే చదువుకోవాలి.

అలాగని రెండో కొసకీ పోకండి. సు షి అనే కవి 1082లో హువాంగ్‌చౌలో పడవెక్కి చీబీ, అంటే ఎర్ర కొండచరియ మీద రాశాడు. 208 నాటి చీబీ యుద్ధం జరిగింది అక్కడ కాదు, యాంగ్త్సీ నదిలో ఇంకా ఎగువన అని ఎక్కువమంది చరిత్రకారుల మాట. ఆ ఎగువ ఊరు 1998లో తన పేరే చీబీ అని మార్చుకుంది. "అయితే మాది నకిలీదేనా, మాకు నిధులు రావా?" అని హువాంగ్‌చౌ వైపు ఆయనొకరు పాపం తెగ టెన్షన్ పడిపోయారు. యుద్ధం మీ దగ్గర జరక్కపోతేనేం సార్, కవిత పుట్టింది మీ దగ్గరే కదా! యుద్ధం ఇక్కడే అన్నచోట సు షి కూడా ‘జనం అలా అంటారు’ అని ఒక మాట వేసే రాశాడు. అందుకే చైనావాళ్లు ఒకదాన్ని వూ చీబీ, అంటే యుద్ధపు చీబీ అని, ఇంకోదాన్ని వెన్ చీబీ, అంటే సాహిత్యపు చీబీ అని పిలుచుకుని రెంటినీ ఉంచుకున్నారు. నా టేబుల్‌లోనూ కవితలోని చోటుకు ఒక కాలమ్, కవి ఉన్న చోటుకు ఇంకోటి. పోతన ఊరి గొడవ ఎరిగిన మనకు ఇది వేరే చెప్పాలా?

హువాంగ్‌చౌలో అసలు తలనొప్పి వేరే. నది ఆ కొండచరియను వదిలి దూరంగా జరిగిపోయింది, ఇక కవితలోని దృశ్యానికి బఫర్ జోన్, అంటే చుట్టూ కట్టడాలను అదుపులో ఉంచే రక్షణ హద్దు, ఎక్కడ గీయాలి? ఆయన అడగాల్సింది ఇదీ.

మిగతావి గబగబా. కవితల్లో తరచూ వచ్చే పసుపు కొంగ మేడ సంగతి: వూహాన్‌లో ఇప్పుడున్నది 1985లో కట్టింది, పాత చోటు నుంచి సుమారు కిలోమీటరు దూరంలో, కాబట్టి రెండూ ఒకే పాయింట్ కాదు. హాంగ్‌చౌ పశ్చిమ సరస్సు 2011లో యునెస్కో జాబితాకెక్కింది సహజ అందానికి కాదు, సాంస్కృతిక దృశ్యంగా. అక్కడి సు గట్టు ఈ సు షి అధికారిగా ఉన్నప్పుడు సరస్సులో తోడించిన బురదతో వేయించిందే.