ప్రో టూర్‌కు దారి: మ్యాజిక్ కార్డుల ఆటలో అర్హత నియమాలు మారుతూ వచ్చిన తీరు

మ్యాజిక్: ది గ్యాదరింగ్ అనే కార్డుల ఆటలో అత్యున్నత స్థాయి పోటీల పేరు ప్రో టూర్. రుసుము కట్టి పేరు నమోదు చేసుకున్నంత మాత్రాన అందులో ఆడనివ్వరు. ముందుగా అర్హత సంపాదించాలి. ఆ అర్హతను ఎవరికి, ఏ పోటీ ద్వారా ఇవ్వాలన్న విషయంలో ఆట యజమాని సంస్థ విజర్డ్స్ ఆఫ్ ది కోస్ట్ దాదాపు మూడు దశాబ్దాలుగా నియమాలు మారుస్తూనే ఉంది. నేడు ఆటగాళ్లు కోరుతున్న సంస్కరణల్లో చాలావరకు ఏదో ఒక రూపంలో గతంలో అమలై, ఆపై రద్దయినవే కాబట్టి, అవి ఎందుకు వచ్చాయో, ఎందుకు పోయాయో తెలియకుండా ఈ చర్చ ముందుకు సాగదు.

రిచర్డ్ గార్ఫీల్డ్ రూపొందించిన ఈ ఆట 1993లో మార్కెట్లోకి వచ్చింది. తొలి ప్రో టూర్ 1996 ఫిబ్రవరిలో న్యూయార్క్‌లో జరిగింది. అప్పటికి వడపోత అంటూ పెద్దగా లేదు. ఫోను చేసి చోటు దక్కించుకున్నవారు కూడా అందులో ఆడారు. ఆ తర్వాత ప్రో టూర్ క్వాలిఫయర్ల వ్యవస్థ ఏర్పడింది. నగరాల్లో వారాంతాల్లో జరిగే ఈ పోటీల్లో ఎవరైనా ఆడవచ్చు. స్విస్ పద్ధతిలో, అంటే ఓడినవారిని తప్పించకుండా దాదాపు సమాన ఫలితాలున్నవారిని జతచేస్తూ, రౌండ్లు పూర్తయ్యాక మొదటి ఎనిమిది మంది నాకౌట్ ఆడేవారు. గెలిచిన ఒక్కరికి ఆహ్వానంతో పాటు ప్రయాణ ఖర్చుకు సాయం కూడా దక్కేది. 226 మందికి మించి వస్తే కనీసం తొమ్మిది స్విస్ రౌండ్లు, వాటిపై మూడు నాకౌట్ మ్యాచులు. రౌండుకు 50 నిమిషాల చొప్పున లెక్కించినా ఉదయం మొదలైన పోటీ ముగిసేసరికి రాత్రి అయ్యేది. రెండో స్థానంలో నిలిచినవారికి ఆహ్వానం ఉండేది కాదు. ఆ కాఠిన్యం ఎలా ఉన్నా, పేరు తెలియని కొత్తవాడు ఒక్క రోజు బాగా ఆడితే ప్రపంచంలోని అగ్రశ్రేణి ఆటగాళ్ల ఎదుట కూర్చోగలిగేవాడు. ఈ వ్యవస్థకున్న గొప్ప బలం అదేనని నా అభిప్రాయం. 1997లో ఆమ్‌స్టర్‌డామ్‌లో మొదలైన గ్రాండ్ ప్రీ పోటీలు కూడా అందరికీ ప్రవేశమున్నవే. వాటిలో ముందు నిలిచినవారికి కూడా ఆహ్వానాలు అందేవి.

వీటికి సమాంతరంగా రేటింగ్ ద్వారా మరో దారి ఉండేది. చదరంగం కోసం అర్పాద్ ఎలో రూపొందించిన గణన పద్ధతినే ఇక్కడా వాడి, నిర్ణీత తేదీ నాటికి జాబితాలో పైన ఉన్నవారికి ఆహ్వానాలు ఇచ్చేవారు. నైపుణ్యాన్ని కొలవడానికి ఇంతకంటే న్యాయమైన సాధనం లేదని తొలిచూపులో అనిపిస్తుంది. కానీ ఈ పద్ధతిలో గెలిస్తే పెరిగే అంకెలు ఓడితే తగ్గుతాయి; అందులోనూ తక్కువ రేటింగ్ ఉన్నవారి చేతిలో ఓడితే తగ్గుదల మరీ ఎక్కువ. కార్డుల ఆటలో చదరంగంలో లేని అదృష్టం పాలు ఉంది. ఎంత నిపుణుడైనా మిగతా కార్డులు ఆడటానికి శక్తినిచ్చే భూమి కార్డులు చేతికి రాక ఓడిపోయే సందర్భాలు తప్పవు. దాంతో ఆహ్వానానికి సరిపడా రేటింగ్ చేరినవారు గడువు తేదీ వరకు పోటీల జోలికి వెళ్లకుండా ఇంట్లో కూర్చోవడమే తెలివైన పనైంది. తమ ఊరి దుకాణంలో శుక్రవారం రాత్రి జరిగే చిన్న పోటీలో కొత్తవారితో ఆడటం కూడా వారికి ముప్పుగా కనిపించింది. ఉత్తమ ఆటగాళ్లను ఆటకు దూరంగా ఉంచే అర్హత విధానం ఎంత కచ్చితంగా కొలిచినా ఆటకు మేలు చేయదు.

ఈ లోపాన్ని సరిదిద్దడానికే 2011లో రేటింగ్‌ను తొలగించి ప్లేన్స్‌వాకర్ పాయింట్లు తెచ్చారు. ఈ పాయింట్లు ఓడినా తగ్గవు, ఆడిన కొద్దీ పెరుగుతాయి. ఇంట్లో కూర్చునే అలవాటు పోయింది. దాని స్థానంలో ప్రతి వారాంతం ఏదో ఒక నగరానికి ప్రయాణించగల తీరిక, డబ్బు ఉన్నవారికి మొగ్గు ఏర్పడింది. ఉద్యోగం, చదువు, కుటుంబ బాధ్యతలు ఉన్నవారు నైపుణ్యంలో సమానులైనా లెక్కలో వెనకబడ్డారు. ఈ పాయింట్ల ఆధారంగా ప్రో టూర్ ఆహ్వానాలు ఇచ్చే పద్ధతి ఎక్కువ కాలం నిలవలేదు.

పాత క్వాలిఫయర్లకు జనం పెరిగిపోవడంతో, 2014లో ప్రకటించిన మార్పు ప్రకారం వాటి స్థానంలో రెండంచెల విధానం వచ్చింది. ముందు దుకాణాల్లో చిన్న ప్రాథమిక పోటీలు, వాటి విజేతలకు ప్రాంతీయ క్వాలిఫయర్. దుకాణాలకు వ్యాపారం, ఆటగాడికి ఇంటి దగ్గరే మొదటి మెట్టు దొరికాయి. పెద్ద హాలులో వందల మందితో తలపడటం కంటే ముప్ఫై మంది వచ్చే దుకాణంలో గెలవడం సులభమే. కానీ ఒక్క రోజులో తేలే విషయం ఇప్పుడు రెండు విజయాలు కోరింది. మొదటి మెట్టు దాటాలన్న పట్టుదలతో కొందరు వారం వారం దుకాణాలు మారుస్తూ తిరిగారు. ప్రాంతీయ పోటీ తేదీన వీలుపడనివారి శ్రమంతా వృథా అయ్యేది.

2018 చివరి నుంచి 2021 వరకు జరిగిన మార్పులు అన్నిటికంటే లోతైనవి. 2018 డిసెంబరులో సంస్థ కోటి డాలర్ల ప్రణాళికను ప్రకటించి, 32 మందితో మ్యాజిక్ ప్రో లీగ్ స్థాపించింది. ఒక్కొక్కరికి 75,000 డాలర్ల ఒప్పందం. ప్రో టూర్ అన్న పేరును మిథిక్ ఛాంపియన్‌షిప్‌గా మార్చి, మ్యాజిక్‌కు కంప్యూటర్ రూపమైన అరీనాలోని ర్యాంకు ద్వారా కూడా అర్హతకు మార్గం వేశారు. ఇల్లు కదలకుండా ప్రయత్నించగలగడం దూరప్రాంతాలవారికి నిజమైన మేలు. కానీ లీగ్ సభ్యులకు చోటు ముందే ఖాయం కావడంతో, కింది నుంచి ఎక్కేవారికి మార్గం ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో అంతుపట్టలేదు. 2020లో మహమ్మారి దుకాణ పోటీలను నిలిపివేసింది. 2021లో లీగ్‌ను ముగిస్తున్నట్టు ప్రకటించారు. ఈ కాలంలో పేర్లు, నియమాలు దాదాపు ఏటా మారాయి. ఏడాదిన్నర ముందుగా సెలవులు, ఖర్చులు చూసుకోవలసిన సాధారణ ఆటగాడికి ఆ అస్థిరతే పెద్ద దెబ్బ అయింది.

2022లో ప్రో టూర్ పేరును తిరిగి తెచ్చి, నేటికీ కొనసాగుతున్న మెట్లను ప్రకటించారు: దుకాణ క్వాలిఫయర్, ప్రాంతీయ ఛాంపియన్‌షిప్, ఆపై ప్రో టూర్. ఈ వరుసలో తొలి ప్రో టూర్ 2023 ఫిబ్రవరిలో ఫిలడెల్ఫియాలో జరగగా అమెరికా ఆటగాడు రీడ్ డ్యూక్ గెలిచాడు. రూపంలో ఇది 2014 నాటి రెండంచెల పద్ధతికి దగ్గర బంధువే, దాని ఇబ్బందులు కూడా దీనికి వారసత్వంగా వచ్చాయి. ప్రాంతం విశాలమైన చోట దుకాణంలో గెలిచినవాడు రెండో మెట్టు కోసం మరో నగరానికో, కొన్నిచోట్ల మరో దేశానికో వెళ్లాలి. చివరి మెట్టు కంటే ఈ నడిమి మెట్టు దగ్గరే ఖర్చు చాలామందిని ఆపుతుంది. అందువల్ల సంస్థ ప్రయాణ సాయాన్ని పెంచదలిస్తే ముందుగా ఇక్కడే పెంచాలి.

2025లో మొదలైన, అందరికీ ప్రవేశమున్న స్పాట్‌లైట్ అనే పెద్ద పోటీల్లో మొదటి ఎనిమిది మందికి నేరుగా ప్రో టూర్ ఆహ్వానం ఇవ్వడం సరైన దిశలో వేసిన అడుగు. ఒక్క వారాంతపు ప్రతిభకు గ్రాండ్ ప్రీల కాలంలో ఉన్న విలువ దీనితో కొంత తిరిగి వచ్చింది. అయితే ఇవి కొద్ది నగరాలకే పరిమితం. అలాంటి ప్రత్యక్ష ఆహ్వానాలలో కొన్నిటిని పెద్ద పోటీలు చేరని ప్రాంతాలకు కేటాయించి, ఆ నియమాలను కనీసం రెండు మూడు సీజన్ల పాటు మార్చకుండా ఉంచితే, ఉద్యోగం చేసుకుంటూ ఆడే మనిషి తన ఏడాదిని ముందుగా లెక్క వేసుకోగలుగుతాడు.