ఇంటెలిజెన్సర్ అంటే ఎవరు?

చిరంజీవులు బుజ్జికి, చిన్నాకు తాతయ్య ఆశీస్సులు.

సియాటిల్‌లో నీళ్ల ఒడ్డున, ఓ భవనం మీద నిలబెట్టిన భూగోళం ఫోటో పంపారు కదా, చూశాను. గోళం నెత్తిన గద్ద, నడుము చుట్టూ అక్షరాలు. అది పోస్ట్-ఇంటెలిజెన్సర్ అనే పత్రిక గుర్తు. 2009లో ఆ పేపరు అచ్చు ఆపేసి ఇంటర్నెట్‌కే పరిమితమైంది. ‘‘ఇంటెలిజెన్సర్ అంటే బాగా తెలివైనవాడా, తాతయ్యా?’’ అని చిన్నా అడిగాడు. కాదురా కన్నా, వార్త మోసుకొచ్చేవాడు.

ఇంటెలిజెన్స్ అనగానే మీకిప్పుడు కంప్యూటర్ తెలివే గుర్తొస్తుంది. రెండు వందల ఏళ్ల కిందటి లండన్ పేపరు తెరిచి చూడండి. ఏ ఓడ ఎప్పుడు రేవు చేరిందో చెప్పే చోట ‘షిప్పింగ్ ఇంటెలిజెన్స్’ అని ఉంటుంది. పరదేశాల కబుర్లకు ‘ఫారిన్ ఇంటెలిజెన్స్’. ఎవరైనా ప్రముఖులు పోతే ‘మెలాంకలీ ఇంటెలిజెన్స్ అందింది’ అని రాసేవారు. అంటే దుఃఖవార్త. దాన్ని ‘దిగులుపడ్డ తెలివి’ అని చదువుకుంటే ఆ పేరా మొత్తం తలకిందులైపోతుంది. అందుకే పాత కాగితం చదివేటప్పుడు కొత్త మాటలకన్నా తెలిసిన మాటల దగ్గరే ఎక్కువ జాగ్రత్తగా ఉండాలంటాను. తెలియని మాటకు నిఘంటువు తీస్తాం, తెలిసిన మాటకు తియ్యం.

ఆ రోజుల్లో వార్తకు కాళ్లుండేవి. 1805 అక్టోబర్ 21న స్పెయిన్ తీరాన ట్రఫాల్గర్ దగ్గర సముద్రం మీద యుద్ధం జరిగింది. ఇంగ్లిష్ నౌకాదళం గెలిచింది, దాని నాయకుడు నెల్సన్ చనిపోయాడు. ఆ కబురు తీసుకుని లాపెనోటియర్ అనే అధికారి పికిల్ అనే చిన్న ఓడలో బయలుదేరి, నవంబర్ 4న ఫాల్మత్ రేవులో దిగాడు. అక్కణ్నుంచి లండన్ 271 మైళ్లు. బండి కట్టించుకుని, దారిలో 21 సార్లు గుర్రాలు మార్చి, 37 గంటల్లో చేరాడు. ఏ మజిలీలో గుర్రాలకు ఎంతిచ్చాడో లెక్క కూడా రాసిపెట్టాడు: మొత్తం 46 పౌన్లు, 19 షిల్లింగులు, ఒక పెన్నీ. నవంబర్ 5 అర్ధరాత్రి దాటి 6వ తేదీ వచ్చాక ఒంటిగంటకు నౌకాదళ కార్యాలయం తలుపు తట్టాడు. గెలిచి రెండు వారాలు దాటాకగానీ తాము గెలిచామని లండన్‌కు తెలియలేదు! ‘ఇంటెలిజెన్స్ అందింది’ అన్న ముక్క వెనక ఇలాంటి మనిషి ఒకడు, దుమ్ము కొట్టుకుపోయి, నిద్రలేని కళ్లతో నిలబడి ఉంటాడు. అది తలుచుకుంటే ఆ పొడి మాట కూడా నాకు ప్రాణమున్నట్టు కనబడుతుంది.

మీ అమెరికాలోనే ఇంకో కథ. వాషింగ్టన్‌లో 1800లో నేషనల్ ఇంటెలిజెన్సర్ అనే పత్రిక పుట్టింది. 1814 ఆగస్టులో ఇంగ్లిష్ సైన్యం ఊళ్లోకి వచ్చినప్పుడు, తన మీద ఘాటుగా రాసిందని వాళ్ల నాయకుల్లో ఒకడైన అడ్మిరల్ కోబర్న్‌కు ఆ పత్రిక మీద ఒళ్లుమంట. ఆఫీసుకు నిప్పు పెట్టబోతే, మా ఇళ్లు కూడా అంటుకుంటాయని ఇరుగుపొరుగు ఆడవాళ్లు బతిమాలారట. దాంతో సామానంతా పగలగొట్టించాడు. ‘సి’ అక్షరం వేసే అచ్చుదిమ్మలు ఒక్కటి కూడా మిగలకూడదు, మళ్లీ నా పేరు వేయలేకుండా పోవాలి అన్నాడని చెబుతారు. ఇంగ్లిష్‌లో ఆయన పేరు ఆ అక్షరంతోనే మొదలవుతుంది మరి.

ఆ పాత అర్థం పూర్తిగా పోలేదు. మన తెలుగు పేపర్లలో ‘ఇంటెలిజెన్స్ వర్గాల ప్రకారం’ అని రోజూ వస్తుంది. అక్కడ ఆ మాటకు రహస్య సమాచారం అనే అర్థం. మన పాత మాటలో చెప్పాలంటే వేగు.

బుజ్జీ, మనకూ ఇలాంటి మాట ఒకటుంది. ‘వర్తమానం’ అనగానే నీకు వ్యాకరణంలో కాలం గుర్తొస్తుంది కదూ? మా నాయనమ్మకు మాత్రం వర్తమానం అంటే కబురే. ‘‘పుట్టింటి నుంచి వర్తమానం వచ్చిందా?’’ అని గుమ్మంలో నిలబడి అడిగేది. 1842లో మద్రాసులో మొదలైన తెలుగు పత్రిక పేరు ‘వర్తమాన తరంగిణి’. ఆ పేరులో వర్తమానం ఏ అర్థంలో ఉందో ఇప్పుడు నువ్వే తమ్ముడికి చెప్పు.

ఈసారి అటు వెళ్తే ఆ గోళం చుట్టూ ఏం రాసుందో చదివి నాకు ఉత్తరం రాయండి. ఫోటోలో నా కళ్లకు అక్షరాలు సరిగా ఆనలేదు.

మీ తాతయ్య