సకినం అంటే సకినమే పెట్టాలి

హన్మకొండ నుంచి ఒక తల్లి అడిగారు: "బాబుకు మూడేండ్లు, ఆటిజం అన్నరు. ఒక సెంటర్‌ల ఏబీఏ అంటున్నరు, ఇంకో దగ్గర ఆటలతోటే నేర్పిస్తమంటున్నరు. ఏది మంచిది?"

ఆటిజం అంటే ఏమిటో ఆమెకు నాకన్నా బాగా తెలుసు. కాబట్టి నేరుగా సకినం దగ్గరికి వస్తాను: ఆ ఒక్క మాటను రెండు తీర్లుగా ఎలా నేర్పుతారో చూద్దాం. ఏబీఏ (అప్లైడ్ బిహేవియర్ అనాలిసిస్) అంటే నేర్చుకోవాల్సినదాన్ని చిన్న మెట్లుగా విడగొట్టి, సరిగ్గా చేసినప్పుడల్లా బహుమానమిచ్చి నేర్పడం.

పాత ఏబీఏ పద్ధతిలో బల్లకు అటు టీచరు, ఇటు పిల్లవాడు. సకినం బొమ్మ చూపి "ఏందిది?" అంటారు. "సకినం" అంటే చాక్లెట్ ముక్క. లేకపోతే మళ్లీ మొదటికి. దీన్ని డిస్క్రీట్ ట్రయల్ అంటారు. కాలిఫోర్నియాలో ఈవార్ లోవాస్ అనే మనస్తత్వవేత్త వారానికి 40 గంటలు ఇలా నేర్పించి, 19 మందిలో 9 మంది మామూలు పిల్లల స్థాయికి వచ్చారని 1987లో రాశాడు. పిల్లల్ని చీటీలు తీసి రెండు గుంపులుగా పంచలేదు కనుక ఆ అంకెను కళ్లకద్దుకోలేం. తొడమీద దెబ్బ కూడా ఆ పాఠంలో ఉండేది. ఇప్పుడెవరైనా అలా చేస్తే పిల్లవాణ్ని ఎత్తుకుని బయటికి వచ్చేయండి.

అసలు చిక్కు చాక్లెట్‌తోనే. దానికీ సకినానికీ ఏం సంబంధం? ఆ బల్ల, ఆ బొమ్మ, ఆ టీచరు ఉంటేనే మాట వస్తుంది. సంక్రాంతికి అమ్మమ్మ డబ్బా మూత తీస్తే నోరు పెగలదు.

రెండో దారి ఇది: అదే డబ్బాను కనిపించేలా, అందకుండా పెట్టండి. వాడు చేయి చాపుతాడు. ఆగండి. "స" అన్నా సకినమే చేతిలో పెట్టండి. అమెరికాలో ఆటిజం పిల్లల కోసం పనిచేసిన కోగెల్ దంపతుల పద్ధతికి ఇదే ప్రాణం: అడిగిన వస్తువే బహుమానం, ప్రయత్నానికీ ఫలితం. మాట రాని పిల్లవాడు సకినం బొమ్మకార్డు అమ్మ చేతికిస్తే పెక్స్, అంటే 1985లో బాండీ, ఫ్రాస్ట్ మొదలుపెట్టిన పద్ధతి. కార్డులు అలవాటైతే మాటలు రావన్న భయానికి ఆధారం లేదు. ఇక సాయం: మొదట చేయి పట్టి కార్డు ఇప్పిస్తాం, తర్వాత మోచేయి తాకుతాం, ఆపైన ఊరికే చూస్తూ ఆగుతాం. ఈ తగ్గింపే ప్రాంప్ట్ ఫేడింగ్. ఇది జరగకపోతే వాడు సకినం కనబడినా మన చేయి తగిలేదాకా కదలడు.



మరి పోటీలో ఎవరు గెలిచారు? 2021లో అమెరికాలో 87 మంది పసివాళ్లను చీటీ పద్ధతిలోనే పంచి, ఏబీఏ తరహా తీవ్ర శిక్షణనూ, ఆటలతో నడిచే డెన్వర్ మోడల్‌నూ ఏడాదిపాటు పోల్చారు. మొత్తంమీద ఏదీ రెండోదాన్ని మించలేదు. వారానికి 15 గంటలా, 25 గంటలా అన్నదీ పెద్ద తేడా చూపలేదు. తేడా ఎక్కడ కనబడిందంటే, 1973లో లోవాస్ బృందమే తాము మునుపు నేర్పిన పిల్లల్ని మళ్లీ చూసి రాసినప్పుడు: తల్లిదండ్రులకు నేర్పిన పిల్లలు నిలబెట్టుకున్నారు, సంరక్షణ సంస్థల్లో చేరినవాళ్లు నేర్చింది మరిచిపోయారు.

అందుకే అమ్మా, సెంటర్‌లో ఫీజు కన్నా ముందు "నన్ను లోపల కూర్చోనిస్తరా, ఇంట్ల ఎట్ల చెయ్యాల్నో చూపిస్తరా?" అని అడగండి. మీ మండలంలో ప్రత్యేక అవసరాల పిల్లలకు సర్కారు నడిపే భవిత కేంద్రంలోనూ ఇదే అడగండి. 40 గంటల ప్యాకేజీ కొంటేనే లాభమంటే నమ్మనక్కర్లేదు. అయితే ఆ 15 గంటలూ ఒక్క పిల్లవాడికి ఒక్క శిక్షకుడు చెప్పినవి. వారానికి రెండు అరగంటల థెరపీకి ఆ లెక్క వర్తించదు, మిగతా గంటలు ఇంట్లోనే వెతుక్కోవాలి.